సగం వాగ్దానానికి ఆమేన్

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మాట్లాడి బతికే మనిషికి మాట పోతే ఇంట్లో మొట్టమొదట ఏర్పడేది ప్రశాంతత. ఈ సంగతి మా ఆవిడ గ్రేసు నాతో ఎప్పుడూ అనలేదు. ఆవిడ అలాంటివి అనదు. కానీ పోయిన వేసవిలో, భవానీపురంలో మా ఇంటి ముందు గదిలో, ఒళ్లో చిన్నపిల్లల పలక ఒకటి పెట్టుకుని, గొంతులోంచి గాలి తప్ప మరేమీ రాని మనిషిగా నేను కూర్చున్న ఆ రోజుల్లో, ఆ ప్రశాంతత ఎంత భయంకరంగా ఉంటుందో మా ఇద్దరికీ తెలిసింది. కుక్కరు కూత పెడితే దానిమీద అసూయ కలిగేది! ఎదురింటి కుక్క మొరిగితే, దీనికి కూడా ఉంది కదా ప్రభువా, అనిపించేది. అలాంటి గోతిలోంచి దేవుడు నన్ను పైకి లాగిన విధానం చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చిత్రమేమిటంటే ఆయన అందుకు వాడుకున్నది పేరున్న పెద్ద ప్రవక్తలనెవరినీ కాదు. మనం బైబిల్లో వెతకాలంటే ముందు విషయసూచిక చూసుకోవలసి వచ్చే హబక్కూకును!

ముందు నా గురించి. పేరు వెంకట సుబ్బారావు. చల్లపల్లి దగ్గర మగ్గాల మీద బతికిన కుటుంబం మాది. గ్రేసుతో పెళ్లయ్యాక ప్రభువును తెలుసుకున్నాను. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోమని కొందరు సలహా ఇచ్చారు గానీ, ఆధార్ కార్డులో ఒక్క అక్షరం సరిచేయించుకోవడానికే నాకు కొండంత విశ్వాసం అవసరమైంది కనుక అంతకు సాహసించలేదు. ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. మన విజయవాడలో ఆ ఉద్యోగానికి రెండు అర్హతలు కావాలి, ఎమ్మెస్సీ, గొంతు. ఎమ్మెస్సీ లేకపోయినా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు.

ఇక అసలు కథ జనవరి ఒకటో తారీకు ఉదయం మొదలైంది. మా సంఘంలో ఆ రోజు ఆరాధన అయ్యాక వాగ్దానపు కార్డులు తీసే అలవాటు ఉంది. మీ సంఘంలోనూ ఉండే ఉంటుంది. స్టీలు పళ్లెంలో కార్డులు బోర్లించి పెడతారు, ఒక్కొక్కరూ వెళ్లి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుని, అక్కడే నిలబడి పైకి చదవాలి, సంఘమంతా ఆమేన్ అనాలి, ఇక ఆ ఏడాది పొడుగునా ఆ వాక్యమే మనది. కొందరు దాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తారు. ఆ ఏడాది కార్డులు బజారులో కొనకుండా మా పాస్టరమ్మగారే ఇంట్లో తయారుచేశారు. ఆదరణ కలిగించే లేఖన భాగాలు కంప్యూటర్లో ప్రింటు తీసి, వచనానికో కార్డు చొప్పున ఓపికగా కత్తిరించి, వెనక గులాబీపువ్వు బొమ్మ అంటించారు.

వరసగా అందరికీ మంచి మంచివే వస్తున్నాయి. ఒకరికి దీర్ఘాయుష్షు, ఒకరికి సంతానం, మా ఎదురింటి వాళ్లకు శత్రువుల మీద విజయం. వాళ్లకు ఎదురింటి వాళ్లం మేమే కాబట్టి దాని గురించి నేను కొంచెం ఆలోచించాను. నాకంటే ముందు రాహేలమ్మగారు తీశారు. ఈవిడ గురించి చెప్పాలి. పూర్వం హనుమాన్ జంక్షన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరై, ఇప్పుడు మా వెనక వీధిలో ఒంటరిగా ఉంటారు. ట్రంకు కాల్స్ రోజుల్లో లైన్లు ఎంత బలహీనంగా ఉండేవో, వాటిని మించి మాట్లాడటానికి ఆవిడ గొంతు అంత బలపడింది. ఆవిడ భవానీపురంలో స్తోత్రం అంటే, వైరు లేకుండానే హనుమాన్ జంక్షన్‌లో వినపడుతుందని మా యూత్ పిల్లల అంచనా. ఆవిడ కార్డులో, నేను యెహోవాలో ఆనందిస్తాను, నన్ను రక్షించే నా దేవునిలో సంతోషిస్తాను అని వచ్చింది. ఎంత చక్కటి మాట! అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కార్డును హ్యాండుబ్యాగులో పెట్టుకుని, వచ్చి కూర్చుని, స్తుతిలో కళ్లు మూసుకున్నారు.

తరువాత నేను. తీశాను. క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేలా పాఠం చదివే గొంతుతో చదివాను. అంజూరపు చెట్టు పూత పూయకపోయినా, ద్రాక్షతీగకు కాయ లేకపోయినా, ఒలీవ కాపు తప్పినా, పొలంలో పంట పండకపోయినా, దొడ్లో గొర్రెలు లేకపోయినా, కొట్టంలో పశువు మిగలకపోయినా.

అంతే. కార్డు అయిపోయింది. కింద హబక్కూకు 3:17 అని ఉంది. వెనక్కి తిప్పి చూశాను, గులాబీపువ్వు.

"ఆమేన్" అన్నారు రాహేలమ్మగారు కళ్లు మూసుకునే. ఆవిడ అన్నాక అలవాటు కొద్దీ సంఘమంతా ఆమేన్ అంది. అన్న తరువాత, తాము దేనికి ఆమేన్ అన్నారో ఒక్కొక్కరికీ అర్థమవడం నేను ముందు నిలబడి చూశాను. సహోదరులారా, ఒక మనిషి సర్వనాశనానికి ఇంత ఏకగ్రీవంగా ఆమోదం లభించడం సంఘ చరిత్రలో అరుదు!

మా పాస్టరు ఇమ్మానుయేలుగారు కంగారుగా పళ్లెం ముందుకు జరిపి, ఇంకొకటి తీసుకోండి బ్రదర్ అన్నారు. నేను ఊరుకుంటే బాగుండేది. కానీ ముందు అంతమంది కూర్చుని ఉండగా ఊరుకోవడం నాకు చేతకాదు.

"పర్వాలేదండీ, మన డెల్టాలో అంజూరాలు లేవు, ద్రాక్ష లేదు, ఒలీవ ఎలా ఉంటుందో నాకు తెలీదు. పొలం మా అన్నయ్య చూసుకుంటున్నాడు. గొర్రెతో నాకున్న సంబంధమల్లా ఆదివారం అరకేజీ. మొత్తం మీద నాకొచ్చే నష్టమేమీ కనపడటంలేదు. అయినా దేవుడిచ్చింది మార్చుకోడానికి ఇదేమన్నా చీరల కొట్టా అండీ" అన్నాను.

సంఘం విరగబడి నవ్వింది. ఆ నవ్వులో పాస్టరుగారు ఏదో చెప్పబోయారు, నాకు వినపడలేదు. ఆ కార్డును బైబిల్లో పెట్టుకుని ఇంటికొచ్చాను, ఆ రోజు నా జోకు బాగా పేలిందని గ్రేసుతో కూడా చెప్పాను.

ఈస్టరు ముందరి శ్రమ దినాలు వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు, పరీక్షల ముందు లెక్చరరు గొంతు బొంగురుపోవడం మామిడి పూత లాగా ఏటా వచ్చేదే కదా. ఉప్పునీళ్లు పుక్కిలించాను, మిరియాల పాలు తాగాను, స్టాఫ్ రూములో ఎవరు ఏది చెబితే అది మింగాను. ఈస్టరుకు పాటలో గొంతు కలపబోతే మధ్యలో తెగిపోయింది. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరుగారి దగ్గరకు వెళితే, ఆయన కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి, మాట పుట్టే చోట ఒక బొడిపె ఉందని తెర మీద చూపించారు. చూడటానికి శనగబద్దంత ఉంది. తీసేద్దాం, తీశాక పరీక్షకు పంపుదాం అన్నారు. జీవితమంతా పరాయి పిల్లల్ని పరీక్షకు పంపినవాణ్ణి, ఆ ఫలితం వచ్చేదాకా తల్లిదండ్రులు ఎలా ఉంటారో అప్పుడు తెలుసుకున్నాను. ఫలితం వచ్చింది, ప్రమాదకరమైనది కాదు. దేవునికి స్తోత్రం! గ్రేసు ఆసుపత్రి మెట్ల మీదే మోకరించింది.

అయితే డాక్టరుగారు కొన్ని వారాలు నోరు విప్పవద్దన్నారు, గుసగుస కూడా వద్దన్నారు. గ్రేసు పాత బస్తీలో వెతికి పలకా బలపమూ తెచ్చింది. ఫోనుంది కదా అంటారేమో, నేను తెలుగు టైపు చేసేలోగా ఎదుటి మనిషి ఊరు దాటిపోతారు. పలకైతే వేగం. కానీ సహోదరులారా, నాలాంటి వాడికి పలక మీద బతుకు బతుకు కాదు. జోకనేది సమయానికి పడాలి. రాసి, తిప్పి, ఎదుటివాళ్లు కళ్లజోడు వెతుక్కుని చదివేసరికి అది జోకు కాదు, సమాచారం.

ఆ గడువు అయ్యాక డాక్టరుగారు "ఆ" అనమన్నారు. అన్నాను. గాలి వచ్చింది. మళ్లీ అనమన్నారు. మళ్లీ గాలే. ఆయన గొట్టం పెట్టి చూసి, గాయం మానింది గానీ కదలిక రావడంలేదు, అభ్యాసాలు చేయిద్దాం, టైం పడుతుంది, కొందరికి వస్తుంది అన్నారు. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు "కొందరికి" అన్న ఆ ఒక్క మాటే చెవిలో మోగింది. జూన్‌లో కొత్త బ్యాచీలు మొదలయ్యాయి. నా సెక్షన్లు ఇంకొకరికి ఇచ్చారు. ప్రిన్సిపాల్‌గారు మర్యాదస్తుడు, స్వయంగా ఇంటికొచ్చి, దసరాదాకా చూద్దాం మాస్టారూ, అప్పటికీ కాకపోతే లైబ్రరీలో ఏదైనా ఆలోచిద్దాం అన్నారు. లైబ్రరీ! అక్కడ గోడ మీద ఏం రాసి ఉంటుందో మీకు తెలుసు, నిశ్శబ్దం పాటించండి.

సంఘంలో కార్డు మాట అప్పుడు బయలుదేరింది. ఎవరూ నా ముందు అనలేదు, కానీ మాట పోయినవాడికి చెవులు బాగా పనిచేస్తాయి. ఆ కార్డు వచ్చినప్పుడే అనుకున్నామని ఒకరు, మార్చుకోమంటే మార్చుకున్నాడా అని ఇంకొకరు, అందరం కలిసి ఆమేన్ అన్నాం కదమ్మా అని మరొకరు. దేవుని వాక్యం లాటరీ టికెట్టు కాదని పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగించారు. అందరూ శ్రద్ధగా విన్నారు, బయటికొచ్చి చెప్పులేసుకుంటూ మళ్లీ కార్డు గురించే మాట్లాడుకున్నారు.

నేను మాత్రం పైకి నవ్వుతూ లోపల కుళ్లిపోయాను. ఒక మధ్యాహ్నం, అసలు ఎవరీ హబక్కూకు, నాతో ఈయనకేమిటి పని అని బైబిలు తీశాను. నహూముకూ జెఫన్యాకూ మధ్య, మూడే అధ్యాయాలు, అంటుకుపోయిన పేజీలు. ప్రవక్త కదా, నన్ను తిడతాడని సిద్ధపడి చదవడం మొదలుపెట్టాను. ఆయన నన్ను తిట్టలేదు. దేవుణ్ణి నిలదీశాడు! ఎంతకాలం మొరపెట్టాలి, వినవా, ఎంతకాలం ఈ అన్యాయం నాకు చూపిస్తావు అని మొదటి వాక్యం నుంచే మొదలుపెట్టాడు. నాకు కొంచెం ఆసక్తి కలిగింది. ఈయనకు మొరపెట్టడానికి గొంతన్నా ఉందని అసూయ కూడా కలిగింది. దేవుడు ఏం జవాబిచ్చాడో తెలుసా? నేనొక పని చేస్తున్నాను, చెప్పినా నువ్వు నమ్మవు, కల్దీయుల దండును పంపుతున్నాను అన్నాడు. ఇల్లు కారుతోందని ఓనరుకు ఫోను చేస్తే, గమనించాను, వరదను పంపుతున్నాను అన్నట్టు! హబక్కూకు అప్పుడైనా వెళ్లిపోవాలి కదా. వెళ్లలేదు. కావలివాడిలా గోపురమెక్కి నిలబడి, నువ్వేం చెబుతావో చూస్తాను అన్నాడు. దేవుడు కోప్పడలేదు. చెబుతాను, పలక మీద స్పష్టంగా రాసుకో, పరుగెత్తేవాడు కూడా చదవగలిగేలా రాయి అన్నాడు.

పలక! నా ఒళ్లో ఉన్న పలక వైపు చూశాను. దాని మీద ఆ పొద్దున నేను గ్రేసుకు రాసింది అలాగే ఉంది, చట్నీలో ఉప్పు లేదు.

ఇంకొంచెం ముందుకు వెళితే, రెండో అధ్యాయం చివర, యెహోవా తన పరిశుద్ధాలయంలో ఉన్నాడు, ఆయన ముందు లోకమంతా మౌనంగా ఉండాలి అని వచ్చింది. అక్కడ కొంచెం నొచ్చుకున్నాను. ఆజ్ఞ లోకమంతటికీ ఇచ్చారు, అమలు మాత్రం భవానీపురంలో నా ఒక్కడికే జరుగుతోంది. మూడో అధ్యాయం చదవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు, నా కార్డు ఉంది. అది మళ్లీ చూడాలనిపించలేదు. బైబిలు మూసి, పెదవులు కూడా కదపకుండా ప్రార్థించాను. ఆ ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రభువా, నాకు అంజూరాలు అక్కర్లేదు, ద్రాక్షలు అక్కర్లేదు, నువ్వు ఆ కార్డులో రాయనిది ఏదో అదొక్కటే నా దగ్గర ఉంది, అదే తీసుకున్నావు, నేను కూడా ఈ కుర్చీలోంచి లేవను, నువ్వేం చెబుతావో చూస్తాను. భక్తి ఎంత ఉందో చెప్పలేను గానీ, అప్పటిదాకా నేను చేసిన ప్రార్థనలన్నిటిలో అందులోనే జోకు లేదు.

జవాబు ఆ వారంలోనే గొడుగు వేసుకుని వచ్చింది. రాహేలమ్మగారు! వాన పడుతోంది, గొడుగు గుమ్మం పక్కన ఆనించి, లోపలికొచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ వీధి మొదట్లో ఉండగానే పలకరించే మనిషి, ఆ రోజు కాఫీ అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. గ్లాసు కింద పెట్టి, ఆవిడ ప్రమాణంలో చాలా మెల్లగా, అంటే మామూలు మనుషుల గొంతుతో, మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఆ రోజు ముందు ఆమేన్ అన్నది నేనే."

నేను చెయ్యి ఊపి, పోనివ్వండి అన్నట్టు సైగ చేశాను.

"పోనిచ్చేది కాదులెండి. కళ్లు మూసుకుని ఉన్నాను. మీరేం చదివారో నేను వినలా. గొంతు గంటలాగా ఉంది, ఏదో మంచిదే అయ్యుంటుందిలే అని ఆమేన్ అన్నా. నేనన్నానని అందరూ అన్నారు. పాస్టరుగారిని అడిగాను, అన్న ఆమేన్ వెనక్కి తీసుకోవచ్చా అయ్యగారూ అని. అలాంటి పద్ధతి లేదమ్మా అని నవ్వారు. మా ఎక్స్ఛేంజిలో నయం, బుక్ చేసిన కాల్ కాన్సిల్ చేసుకునే వీలుండేది."

గ్రేసు నవ్వింది, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. హ్యాండుబ్యాగు తెరిచి, మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో దాచిన కార్డు తీసి టీపాయ్ మీద పెట్టారు.

"అందుకని మార్చుకుందాం. ఇది మీరుంచుకోండి, మంచి వాక్యం. మీది నాకివ్వండి. నేను అరవాల్సినంత కాలం అరిచాను. ఈ వయసులో నా గొంతుతో ఎవరికి పని? మీరు పాఠాలు చెప్పాలి."

సహోదరులారా, ఆవిడ మాటల్లో నాటకం లేదు. ఆ కార్డు నిజంగానే నా గొంతు తీసుకుందని ఆవిడ నమ్మారు. నమ్మి, దాన్ని తన సంచిలో వేసుకుని తీసుకుపోవడానికి వానలో నడిచి వచ్చారు! పలక మీద, ఇది చీరల కొట్టు కాదు అని రాసి చూపించాను.

"ఆ జోకు అప్పుడే విన్నానులే బాబూ. కార్డియ్యి" అన్నారు ఆవిడ.

గ్రేసు లేచి నా బైబిల్లోంచి కార్డు తీసుకొచ్చింది. ఇవ్వడానికి కాదు, ఆవిడను సముదాయించడానికి ముందు చేతిలో ఉంచుకుందామని. టీపాయ్ మీద ఆవిడ కార్డు పక్కన నా కార్డు పెట్టి, రెండింటి వంకా చూసి, వంగి మళ్లీ చూసింది.

"ఏమండీ, రెండూ హబక్కూకేనండీ. మూడో అధ్యాయం. మీది పదిహేడు, అమ్మగారిది పద్దెనిమిది" అంది.

అని, ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా చదివింది. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ తప్పినా, పంట లేకపోయినా, దొడ్డి ఖాళీ అయినా, కొట్టం ఖాళీ అయినా, నేను యెహోవాలో ఆనందిస్తాను, నన్ను రక్షించే నా దేవునిలో సంతోషిస్తాను.

ఎవ్వరం మాట్లాడలేదు. నాకైతే వేరే దారి లేదు, వాళ్లిద్దరికీ ఏమైందో! పాస్టరమ్మగారు వచనానికో కార్డు చొప్పున కత్తిరించినప్పుడు ఆ కత్తెర హబక్కూకు పాడిన ఒక పాట నడుమ పడింది, ముందు సగం నాకొచ్చింది, వెనక సగం మా వెనక వీధిలో ఒక పెద్దావిడ హ్యాండుబ్యాగులో ఉంది, జనవరి నుంచీ నేను వినాల్సిన మాట నా ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది! అది శాపం కాదు, అసలు అది వాక్యమే పూర్తి కాలేదు. దేవుణ్ణి నిలదీసిన ఆ మనిషే, గోపురమెక్కి నిలబడిన ఆ మొండి మనిషే, ఏ చెట్టూ పూయకముందే, ఒక్క గొర్రె కూడా తిరిగి రాకముందే, పాట ఎత్తుకున్నాడు. పాట కింద, దీన్ని తంతివాద్యాల మీద వాయించండని ప్రధాన గాయకుడికి సూచన కూడా రాసిపెట్టాడు, అంత ధీమా!

నా గొంతు రాలేదు, సహోదరులారా! నేను చెప్పేది అదే! గొంతు రాలేదు, డాక్టరుగారి "కొందరికి" అలాగే ఉంది, లైబ్రరీ అలాగే ఉంది, అయినా ఆ కుర్చీలో నా గుండెలోకి సంతోషం ఎలా దూకిందంటే, పట్టిసీమ పంపుల నీళ్లు కాలువలోకి వదిలినట్టు దూకింది! కళ్లలోంచి నీళ్లు, పొట్ట కదిలేలా నవ్వు, శబ్దం మాత్రం లేదు. గ్రేసు భయపడి మంచినీళ్లు తెచ్చింది. నేను పలక తుడిచి రాయడం మొదలుపెట్టాను. నా అంజూరాలు ఏవో నేను రాసుకోవాలి కదా.

చల్లపల్లి పొలంలో మినుము రాలిపోయినా, నా క్లాసు వేరేవాళ్లది అయిపోయినా, చెప్పాల్సిన జోకు పలక మీదే ముసలిదైపోయినా, గొంతు ఇక తిరిగి రాకపోయినా.

పలక నిండిపోయింది. రాహేలమ్మగారి చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుని, నన్నొకసారి చూసి, చదివారు. ఈసారి మామూలు గొంతుతో కాదు, ఎక్స్ఛేంజి గొంతుతో! వీధిలో వానకు ఆగిన ఆటో అతను తల బయటపెట్టి చూశాడు. నేను పలకలేని నా ప్రార్థన ఆవిడ నోట్లోంచి ఇల్లంతా నిండింది. పలక అయిపోయాక ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, టీపాయ్ మీద తన కార్డు తీసి, మిగతా సగం చదివారు. నేను యెహోవాలో ఆనందిస్తాను, నన్ను రక్షించే నా దేవునిలో సంతోషిస్తాను. చదివి ఆగారు.

"ఇప్పుడు అనమంటారా?" అని అడిగారు.

తల ఊపాను. ఆవిడ ఆమేన్ అన్నారు. హనుమాన్ జంక్షన్‌లో ఆ సాయంత్రం ఎవరైనా విన్నారేమో విచారించాలి. కార్డులు మార్చుకోలేదు. రెండూ కలిపి గమ్ముతో ఒక అట్టకు అంటించి గ్రేసు గోడకు తగిలించింది.

నా విడుదల ఆ రోజు జరిగింది. గొంతు సంగతి తరువాత వచ్చిన వార్త, అయినా అదీ చెబుతాను, లేకపోతే మీరు ఊరుకోరు. రోజూ అభ్యాసాలు చేస్తూనే ఉన్నాను, గొంతు వచ్చినప్పుడు మొదటి మాటగా పలకడానికి ఒక గంభీరమైన స్తుతి వాక్యం కూడా తయారుచేసి పెట్టుకున్నాను. ఒక ఉదయం గ్రేసు వాళ్ల చెల్లెలితో బాల్కనీలో ఫోను మాట్లాడుతోంది, నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను, స్టవ్ మీద పాలు అంచుదాకా లేచాయి, పలక కోసం వెతికాను, బలపం ఎక్కడో ఉంది, "గ్రేసూ, పాలు!" అన్నాను.

కప్ప అన్నట్టుంది. కానీ అన్నది నేనే! ఆవిడ ఫోను పడేసి పరుగెత్తుకొచ్చింది, స్టవ్ దగ్గరికి కాదు, నా దగ్గరికి. మళ్లీ అనండి అంది. మళ్లీ "పాలు" అన్నాను. ఇంకోసారి అంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ కాఫీ తాగలేదు, స్టవ్ తుడవడానికి పొద్దంతా పట్టింది, నేను తయారుచేసుకున్న గంభీరమైన వాక్యం ఇప్పటికీ వాడకుండానే ఉంది.

డాక్టరుగారు చూసి సంతోషించి, అభ్యాసం, కాలం, రెండూ పనిచేశాయి అన్నారు. నేను కాదనలేదు. ఆలస్యమైనట్టు కనపడినా కనిపెట్టుకుని ఉండు, అది తప్పక వస్తుంది అని హబక్కూకుకు దేవుడు చెప్పిందీ కాలం సంగతే కదా. ఇద్దరూ ఒకే మాట చెబుతుంటే నేను మధ్యలో తగువు పెట్టుకోవడం ఎందుకు? దసరా సెలవుల తరువాత కాలేజీలో ఒక సెక్షను తిరిగి ఇచ్చారు. ఇప్పుడు మైకు పెట్టుకుని చెబుతున్నాను. గొంతు పాత లూనా స్టార్టు చేసినట్టు ఉంటుంది, ఆఖరి బెంచీ వాళ్లు ముందుకొచ్చి కూర్చోవాల్సి వస్తోంది. దీనివల్ల వాళ్ల చదువు బాగుపడిందని అంటున్నారు.

గొంతు వచ్చిన తరువాతి ఆదివారం పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచారు. జనవరి ఒకటిన నిలబడిన చోటే నిలబడ్డాను. జోకులేమీ వేయలేదు, వేయాలనిపించలేదు. ఆ అట్ట తీసుకెళ్లి, ఆ లూనా గొంతుతో, మధ్య మధ్య ఆగుతూ, రెండు వచనాలూ చదివాను. చదవడం అయ్యాక సంఘంలో ఒక్కరు కూడా ఆమేన్ అనలేదు. అందరి తలలూ వెనక వరస వైపు తిరిగాయి. రాహేలమ్మగారు ఈసారి కళ్లు తెరిచే కూర్చున్నారు.

"మాస్టారూ, మొత్తం చదివేశారా? కింద ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగారు.

"అయిపోయిందండీ" అన్నాను.

అప్పుడు అన్నారు ఆవిడ. ఆవిడతో సంఘమంతా అంది. నేనూ అన్నాను, నా గొంతుతో!

దేవునికే మహిమ! నా సాక్ష్యం ఇంతే. ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, మీ చేతిలోనూ ఇలాంటి కార్డు ఒకటి ఉందేమో నాకు తెలియదు. ఆసుపత్రి కాగితం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. లేనివన్నీ వరసగా రాసి, కిందికి రాగానే ఆగిపోయి ఉంటుంది. దయచేసి దాన్ని పూర్తి వాక్యం అనుకోవద్దు. దేవుణ్ణి అడగాలనిపిస్తే అడగండి, ఎంతకాలం అని అడిగినవాణ్ణే ఆయన ప్రవక్తగా ఉంచుకున్నాడు. అడిగాక మాత్రం లేచి వెళ్లిపోవద్దు. పక్క వీధిలో ఉన్న విశ్వాసిని ఒకసారి పలకరించండి, మిగతా సగం వాళ్ల సంచిలో ఉందేమో. ఎవరూ దొరక్కపోతే నహూము దాటాక, జెఫన్యాకు ముందు, మూడో అధ్యాయం చివరికి వెళ్లండి. పేజీలు అంటుకుని ఉంటే నెమ్మదిగా విడదీయండి. ఆయన్ని నమ్మండి, చెట్టు పూసేదాకా ఆగి కాదు, ఇవాళే, ఉన్న గొంతుతోనే. గొంతు లేకపోతే మా ఇంట్లో పలక ఖాళీగానే ఉంది, పట్టుకెళ్లండి.